మా వీధిలో ఎవరూ ఇవ్వరని చెప్పాను

చిత్తూరులో మేము అద్దెకున్న ఇంటి వెనక పోర్షన్‌లో ఉండిన అక్క పోయింది. మేమిప్పుడు ఉంటున్న తిరుపతికి మామిడికాయల లోడు తెచ్చిన లారీ డ్రైవరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, గడప బయటే నిలబడి చెప్పాడు.

“మండీలో తూకమేసే మామ మీకు చెప్పి రమ్మన్నాడమ్మా. ఆ యమ్మ పొయ్యింది. నాలుగు దినాలు జొరమొచ్చింది, అంతే. నిన్ననే మట్టి చేసినారు.”

చెంబుడు నీళ్లు తాగి అతను వెళ్లిపోయాడు. నేను తలుపు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నిజం చెబుతున్నాను, నాకు ముందు ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది. ఇక ఆమె ఎవరికీ ఏమీ చెప్పదు కదా అని ఒక్క క్షణం మనసు కుదుటపడింది కూడా. ఆ కుదుటపడటం చూసుకుని ఇంకా సిగ్గుపడ్డాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్ల మంచితనమే రాయాలంటారు. ఈమె మంచితనం రాయాలంటే నా తప్పు రాయక తప్పదు. వేరే దారి ఉంటే ఈ పదేళ్లలో నేనే కనిపెట్టి ఉండేదాన్ని.

అక్క అంటున్నానే గానీ ఆమె నాకు చుట్టం కాదు. నాకన్నా ఎనిమిదేళ్లో పదేళ్లో పెద్దది. భర్త మామిడికాయల మండీలో తూకం వేసేవాడు. నలుగురు ఆడపిల్లలు. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. నేను ఎదురుగా కనిపిస్తున్నా సరే, వాకిట్లో నిలబడి “ఏమ్మే, ఉండావా?” అని అరిచి గానీ లోపలికి వచ్చేది కాదు. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు. “కాళ్లు యాలాడతాయి మే, బాయిలో దిగినట్టుంటాది” అని నేల మీదే చతికిలబడేది. బెంగుళూరు మామిడికాయల కాలంలో దెబ్బ తగిలిన కాయలు మండీ నుంచి బుట్టకెత్తి తెచ్చుకుని, ముక్కలు కోసి, ఉప్పూ కారం రాసి మిద్దె మీద ఎండబెట్టేది. దారిన పోయే పిల్లలు ఎవరి పిల్లలైనా చేతిలో ఒక ముక్క పడాల్సిందే. వాళ్లు అడగలేదు కదా అని నేనొకసారి అన్నాను.

“అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడిగేదాకా కూసోనుండేది అమ్మెట్లయితాది మే?” అనింది.

ఆమె ఊరికే అన్న మాటలే ఇప్పుడు నాకు గుచ్చుకుంటున్నాయి.

ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు మాకు పాప పుట్టింది. నేను తిరుపతిలో బీయే చదివినదాన్ని. మా ఆయన కలెక్టరాఫీసులో గుమాస్తా. ఆ వీధిలో చదువుకున్న ఆడమనిషి నేనొక్కతెనే, ఆ గీర కూడా బాగానే ఉండేది. కాన్పు అయ్యి మూడోనెలలో పుట్టింటి నుంచి చిత్తూరుకు వచ్చాను. వచ్చిన రోజు నుంచీ నాకు ఒకటే కనబడింది. వీధిలో ఏ ఇంటి వసారా గూట్లో చూసినా డబ్బాపాల డబ్బా. దాని మీద బొద్దుగా నవ్వే బిడ్డ బొమ్మ, ఆ బొమ్మ మొహం వీధి వైపుకు. బిడ్డలున్న ఇళ్లలోనైతే రెండేసి, మూడేసి. ఒకరోజు వసారాలో కూర్చుని కొంగు కప్పుకుని పాపకు పాలిస్తుంటే, ఎదురింటి ముసలావిడ “లోపలికి పో మే, నలుగురూ తిరిగే తావు” అని కసిరింది. అంతే, నాకు తల కొట్టేసినట్టయింది. ఈ వీధిలో చదువులేనివాళ్లు కూడా డబ్బాకు మారిపోయారు, బీయే చదివిన నేనొక్కతెనే పల్లెటూరి గొడ్డులా ఉన్నాననుకున్నాను. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, ఆ ఉలిపికట్టె నేనే అని నా బాధ.

ఒకరు తలుపు వేసుకుని చేసే పని పక్కింటివాళ్లకు కనబడదు. గూట్లో పెట్టింది మాత్రం అందరికీ కనబడుతుంది. ఈ చిన్న సంగతి అర్థం కావడానికి బీయే చాలలేదు. నాలుగో నెల నిండేలోపు పాపకు పాలు మాన్పించేశాను. రొమ్ములు గడ్డకట్టి జ్వరం వచ్చింది. మల్లెపూలు నూరి పట్టు వేసుకున్నాను. పాలు ఆరిపోయాయి. మా గూట్లోకి కూడా డబ్బా వచ్చింది.

ఆ కార్తీకంలో పెద్ద వాన పట్టింది. మూడు రోజులు ఆకాశం తెరిపి ఇవ్వలేదు. వంకలు పొంగి బస్సులు ఆగిపోయాయి. పల్లె నుంచి పాలు పోసే ఆమె రాలేదు. అసలే అప్పట్లో డబ్బాపాలకు కరువు, దుకాణంలో సరుకు దిగిన పూటే అయిపోయేది. రెండోరోజు మధ్యాహ్నానికి మా డబ్బా అడుగంటింది. చక్కెర నీళ్లు పట్టిస్తే పాప కక్కేసింది. మా ఆయన గొడుగేసుకుని ఊళ్లో ఉన్న దుకాణాలన్నీ తిరిగి ఉత్తచేతులతో వచ్చాడు. నేను మాత్రం భయపడలేదు. వీధి నిండా డబ్బాలే కదా, ఒక నాలుగు చెంచాల పొడి బదులు అడిగితే పోలా అనుకున్నాను.

మొదటి ఇంట్లో అడిగితే ఆమె మొహమాటంగా గూట్లోంచి డబ్బా దించి మూత తీసి చూపించింది. కందిపప్పు. రెండో ఇంట్లో చింతపండు. మూడో ఇంట్లో ఒకదాంట్లో ఆవాలు, ఇంకోదాంట్లో గుండీలూ సూదీ దారం. నాలుగో ఇంటామె నవ్వాపుకోలేక పోయింది. “పొడి యాడిదక్కా మాకు? సంతలో పాత సామాన్లోడు అమ్ముతాడు గదా ఈ డబ్బాలు! మూత గట్టిగా ఉంటాది, చీమలు పోవు. అందురూ కొంటారు.” ఆమె చంకలో ఆరునెలల బిడ్డ. మరి బిడ్డకేం పోస్తావని అడిగాను. ఆమె చుట్టూ చూసి, గొంతు తగ్గించి, “నా పాలేనక్కా. ఎవురితో అనబాక. ఈదిలో అందురూ డబ్బాపాలే పోస్తారంట గదా” అనింది.

ఇంటింటికీ తిరిగాను. ఏ ఇంట్లోనూ చెంచాడు పొడి లేదు. ఆ వీధిలో చంటిబిడ్డ ఉన్న ప్రతి తల్లీ తలుపు వేసుకుని పాలిస్తోంది. ప్రతి తల్లీ తానొక్కతెనే ఇస్తున్నాననుకుని దాచుకుంటోంది. నిజంగా మానేసిన పిచ్చిది నేనొక్కతెనే. వానలో తడిసి ఇంటికొచ్చేసరికి పాప ఏడవడం కూడా మానేసి ఊరికే నోరు తెరిచి మూస్తోంది.

“ఏమ్మే, ఉండావా?” అని కేక వినబడింది. వెనక వాకిలి నుంచి అక్క గోనెపట్టా నెత్తిన కప్పుకుని వచ్చింది. ఆమె నన్ను చూసింది, పాపను చూసింది, మూత తీసిన ఖాళీ డబ్బాను చూసింది. తడి చేతులు పైటకు తుడుచుకుని, నేల మీద కూర్చుని, పాపను ఒళ్లోకి తీసుకుంది. ఆమె నాలుగోదానికి అప్పటికి తొమ్మిదినెలలు. పాప రొమ్ము పట్టుకోవడానికి కాసేపు తంటాలు పడింది. పట్టుకున్నాక గుటకల చప్పుడు నాకు వినబడింది. నేను గోడకు ఆనుకుని భోరుమని ఏడ్చాను.

“ఊరుకో మే. బిడ్డ ఏడిస్తే వినేది చెవులు కాదు, రొమ్ము. నాకు ఆడికే వినిపించింది” అనింది.

వాన వెలిసింది, బస్సులు తిరిగాయి, దుకాణంలోకి సరుకు వచ్చింది. అయినా పాపకు డబ్బాపాలు ఇమడలేదు, పట్టిన ప్రతిసారీ భేదులు. అక్క రోజుకు మూడుసార్లు వచ్చేది. ఏడు నెలలు వచ్చింది. నేను రెండోరోజే ఆమె చేతులు పట్టుకుని అడిగిన మాట ఏమిటో తెలుసా? “అక్కా, ఎవరితోనూ చెప్పొద్దు. మా అత్తకు తెలిస్తే ఎవరి పాలో తాగించానని నన్ను బతకనివ్వదు.” పాలిచ్చిన మనిషి మొహం మీదే ‘ఎవరి పాలో’ అన్నాను. నా నోరు పడిపోనూ! ఆమె మొహం ఒక్కసారి చిన్నబోయింది. వెంటనే సర్దుకుని, “నేనెందుకు చెప్తానే పిచ్చిదానా. కడుపు నిండినాక అదేం పాలో బిడ్డే అడగదు” అనింది. మా వీధిలో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. ఆమె నోట్లో మాత్రం నా గుట్టు చివరిదాకా అట్లాగే ఉండిపోయింది.

అప్పుడే ఒక మధ్యాహ్నం, కాగితాలూ పెన్నూ పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. ఏదో సర్వేకు చంటిబిడ్డల తల్లులను అడిగి రాసుకుంటున్నారట. లోపలి గదిలో తలుపు ఓరగా వేసుకుని అక్క పాపకు పాలిస్తోంది. నేను వసారాలో కుర్చీలో కూర్చున్నాను.

“మీ పాపకు ఏం పాలు పడుతున్నారక్కా?”

“డబ్బాపాలు.”

“ఈ వీధిలో తల్లిపాలు ఇచ్చేవాళ్లు ఎంతమంది ఉంటారనుకుంటున్నారు?”

అప్పటికి నాకు తెలుసు. ఇంటింటి డబ్బా మూతా తీయించి చూసి వచ్చినదాన్ని. తెలియక చెప్పింది అబద్ధం కాదంటారు, నాకు ఆ సాకు కూడా లేదు. “ఈ కాలంలో టౌన్లో ఎవరిస్తారమ్మా? పల్లెల్లో ఇస్తారేమో. మా వీధిలో ఎవరూ ఇవ్వరు” అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆ అమ్మాయి రాసుకుని, లేస్తూ నవ్వింది. “ఏ ఇంట్లో అడిగినా ఇదే మాట చెప్తా ఉండారక్కా. ఇచ్చేవోళ్లు యాడుండారో నాకు తెలియలా. జాకెట్లు సూస్తే అందరివీ తడిగానే ఉండాయి.”

ఆమె నా జాకెట్టు వైపు చూడలేదు, అది పొడిగా ఉందని నాకు తెలుసు. లోపలికి వెళితే అక్క పాపను భుజాన వేసుకుని వీపు నిమురుతోంది. అంతా విన్నదని తెలుస్తూనే ఉంది. “తేనుపు వచ్చింది, పండుకోబెట్టు” అని పాపను నా చేతికిచ్చి వెనక వాకిలి నుంచి వెళ్లిపోయింది.

పదకొండో నెలలో పాపకు చెవులు కుట్టించాము. మా అత్త పల్లె నుంచి వచ్చింది, వీధిలో ఆడవాళ్లంతా వచ్చారు. అక్క పొద్దున్నుంచీ పొంగలి దగ్గరే ఉంది. ఎవరో పాప బుగ్గ గిల్లి, “ఎంత బొద్దుగా ఉండాదో! ఏం పాలు పోస్తివి మే?” అన్నారు. అత్త నా మొహమే చూస్తోంది. “డబ్బాపాలే” అన్నాను. విస్తట్లో పొంగలి వడ్డిస్తున్న అక్క చెయ్యి ఆపకుండానే అందుకుంది.

“అవునమ్మా. ఆ డబ్బా శానా గట్టిది. కింద పడినా సొట్ట పోదు.”

అందరూ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నామో వాళ్లకు తెలియదు. నేనూ నవ్వాను. అంతకన్నా నీచంగా నేను జీవితంలో ఎప్పుడూ నవ్వలేదు.

అక్కడితో ఆగినా నా పాపం నాతో పోయేది. ఎదురింటికి కొత్తగా కోడలొచ్చింది, ఇరవై ఏళ్లు కూడా లేవు, ఒళ్లో రెండునెలల కొడుకు. ఆ రోజు చెవులు కుట్టిన చోట నా మాట విన్నది. మరుసటి వారం వచ్చి, “అక్కా, మీరు సదువుకున్నోళ్లు. వీడు శానా సన్నంగా ఉండాడు. నేను గూడా మీ మాదిరి డబ్బాకు మారిస్తే బొద్దుగా అయితాడా?” అని అడిగింది. అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. డబ్బా ఏ దుకాణంలో దొరుకుతుందో చెప్పాను. నెల తిరక్కుండానే ఆ బిడ్డకు వాంతులూ భేదులూ పట్టుకున్నాయి. ఆసుపత్రిలో సెలైను ఎక్కిస్తుంటే ఆ పిల్ల గోడకేసి తల బాదుకుంది.

అక్క నా మీద కోప్పడింది ఆ ఒక్కరోజే. కేక వేయకుండా లోపలికి వచ్చేసింది.

“నా సంగతి చెప్పొద్దు మే. నీ సంగతీ చెప్పొద్దు. ఈదిలో అందురూ బిడ్డలకు పాలిస్తా ఉండారు, నువ్వూ ఇయ్యి అని ఒక్క మాట చెప్తే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?”

నేను చెప్పలేదు. ఎందుకంటే ఆ ఒక్క మాట చెబితే, మరి నువ్వెందుకు ఇవ్వలేదు, నీ బిడ్డ ఏం తాగి పెరిగింది అని రెండో మాట అడుగుతారు. అక్కే ఆసుపత్రికి పోయి ఆ పిల్ల పక్కన కూర్చుంది. మళ్లీ మళ్లీ రొమ్ముకు పట్టించి, పాలు తిరిగి వచ్చేదాకా ఇంటికి రాలేదు. బిడ్డ బతికాడు. రెండేళ్లు దాటితే గానీ నడవలేదు.

తరువాత మాకు తిరుపతికి బదిలీ అయింది. ఏటా ఎండాకాలం చివర లారీలో ఉప్పు మామిడి ముక్కల మూట వచ్చేది. “ఈ పెద్దమ్మ మనకెందుకు పంపిస్తుంది?” అని మా పాప అడిగేది. మంచి మనిషి, అందుకని అనేదాన్ని. మధ్యలో రెండుసార్లు చిత్తూరు వెళ్లాను. వెళ్లిన రెండుసార్లూ ఆమె మా పాపను దగ్గరికి తీసుకోబోయి, ముందు నా మొహం చూసి, తల నిమిరి ఊరుకుంది. తన పాలు తాగిన బిడ్డను ముట్టుకోవడానికి ఆమె నా అనుమతి కోసం చూసింది. నేను చూసీ చూడనట్టు ఉండిపోయాను.

లారీ డ్రైవరు వచ్చిపోయిన మరునాడు తెల్లవారుజామున పాపను తీసుకుని మొదటి బస్సెక్కాను. పూతలపట్టు దాటాక చెప్పాను. పాప అంతా విని, కిటికీలోంచి బయటకు చూస్తూ, “ఆమె ఉన్నప్పుడు చెప్పుంటే నేను ఒకసారి ఆమె ఒళ్లో కూర్చునేదాన్ని కదమ్మా” అంది. పదేళ్ల పిల్ల.

ఆ రోజు మూడోదినం, పాలు పోసే కార్యం. నీవా నది ఒడ్డున మట్టి చేసిన చోటికి వీధి ఆడవాళ్లంతా వచ్చారు. పెద్దల్లుడు ఆవుపాల చెంబు పట్టుకుని, ఇంటి బిడ్డలు ముందు రండి అని పిలిచాడు. కూతుళ్లు నలుగురూ ముందుకు కదిలారు. నేను పాప చెయ్యి పట్టుకుని వాళ్ల వెనకే వెళ్లాను. “మీరు తరవాత రండక్కా, ముందు బిడ్డలు పొయ్యల్ల” అని ఎవరో ఆపారు.

“ఇది కూడా ఆమె బిడ్డే” అన్నాను. “ఏడు నెలలు ఆమె పాలు తాగి బతికింది. డబ్బాపాలని మీ అందరికీ అబద్ధం చెప్పాను.”

ఎదురింటి కోడలు నాకు మూడడుగుల దూరంలో ఉంది. పక్కనే ఆమె కొడుకు, వయసుకు తగ్గ ఎత్తు లేడు. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. “అప్పుడే చెప్పుండల్ల గదక్కా” అని మాత్రం అనింది. ఆ పిల్లవాడి భుజం మీద చెయ్యి వేసి అటువైపు తిరిగి నిలబడింది.

అక్క పెద్దకూతురు నా దగ్గరికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

“మాకు తెలుసు పిన్నమ్మా. మాయమ్మ చెప్పలా, మేము సూసినాం. సిన్నదాన్ని నా సంకకిచ్చి, ‘ఆ పాప తాగినాక ఇది తాగుతాది, అంతదాకా ఆడించుకో’ అని మీ ఇంటికొచ్చేది. మాయమ్మ వచ్చేలోపల ఇది ఏడ్చి ఏడ్చి నిద్రపొయ్యేది.”

ఏడు నెలలు, రోజుకు మూడుసార్లు. ఆ పూటల్లో గోడ అవతల ఇంకో బిడ్డ ఆకలితో ఏడుస్తోందన్న ఆలోచన నాకు ఒక్కసారైనా రాలేదు.

ముగ్గురు అక్కలూ పోసిన తరువాత చెంబు చిన్నదాని చేతికి వచ్చింది. మా పాపకన్నా కాస్త పొడవు, అచ్చం తల్లి మొహం. అది చెంబు వంచబోయి ఆగింది. మా పాప వైపు తిరిగి చెంబు చేతికిచ్చింది.

“నువ్వు పొయ్యి. నేను తరవాత పోస్తా.”

మా పాప రెండు చేతులతో చెంబు పట్టుకుని పోసింది. కొత్త మట్టి కావడంతో పాలు నిలవలేదు. ఒక్క క్షణం తెల్లగా కనబడి లోపలికి దిగిపోయాయి. చిన్నది చేతులు కట్టుకుని, తన వంతు వచ్చేదాకా పక్కన నిలబడి ఉంది.